నికెల్ పడదని రక్తం చెప్పగలదా?

ఈ మధ్య మాకు చెల్లెలు వరసైన ఒకావిడ నాలుగు పేజీల రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని వచ్చింది. గిల్టు దిద్దులు పెట్టుకున్న మర్నాడో ఆ మర్నాడో చెవి తమ్మెలు ఎర్రబడి, దురద పుట్టి, చివరికి రసి కారడం ఆమెకు కాలేజీ రోజుల నుంచీ ఉంది. జీన్స్ గుండీ తగిలేచోట, బొడ్డు కింద, రూపాయి బిళ్లంత మేర చర్మం నల్లబడి గరుకుగా తయారైంది. "ఏం పడదో ఒక్కసారి తేల్చేసుకుందామని చేయించాను అన్నయ్యా" అంది. రిపోర్టులో వేరుశనగ, రొయ్య, పాలు, గోధుమ, బొద్దింక, దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగు, వయ్యారిభామ పుప్పొడి, ఇలా వరసగా పేర్లూ, ఒక్కొక్కదాని ఎదుట ఒక అంకే ఉన్నాయి. నికెల్ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఒకవేళ ఉన్నా ఆ అంకె వల్ల ఉపయోగం ఉండేది కాదు. ఆ పరీక్ష వెతికేది ఐజీఈ అనే యాంటీబాడీని. ఆమె చెవి తమ్మెలను పుండు చేస్తున్నది యాంటీబాడీ కాదు, కణాలు.

వంకాయ పడదు, పెన్సిలిన్ పడదు, ఆ ఊరి నీళ్లు పడవు, అత్తాకోడళ్లకు పడదు: ఒక్క క్రియతో మనం ఇన్ని వ్యవహారాలు నడుపుకొస్తాం. వైద్యశాస్త్రం అంత ఉదారంగా ఉండలేదు. 1963లో గెల్, కూంబ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఈ పడకపోవడాన్ని నాలుగు రకాలుగా విడదీశారు. రొయ్య తిన్న పది నిమిషాలకే పెదవులు వాచిపోవడం మొదటి రకం. అది ఐజీఈ పని. ఆభరణమో, సిమెంటో, జుట్టుకు వేసే రంగో చర్మానికి తగిలిన ఒకటి రెండు రోజుల తర్వాత నెమ్మదిగా పైకి లేచే దద్దు నాలుగో రకం. అది టి-లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాల పని. స్పర్శ వల్ల వచ్చే ఈ నాలుగో రకం అలర్జీనే కాంటాక్ట్ అలర్జీ అంటారు. వయ్యారిభామ లాంటి ఒకే మొక్క ఈ రెండు దారుల్లోనూ మనిషిని ఇబ్బంది పెట్టగలదు: దాని పుప్పొడి ఐజీఈ ద్వారా తుమ్ములు తెప్పిస్తే, దాని ఆకుల్లోని పార్థీనిన్ అనే రసాయనం టి-కణాల ద్వారా, ఆ మొక్కల మధ్య పనిచేసే రైతు ముఖాన్నీ మెడనూ మందంగా, గరుకుగా మార్చేస్తుంది. పుప్పొడికి చేసిన ఐజీఈ పరీక్ష నెగటివ్ వచ్చిందని ఆ రైతుకు వయ్యారిభామ పడుతుందని చెప్పడానికి వీల్లేదు.

ఈ తేడా ఎక్కడ తేలిందో తెలిస్తే ప్రయోగశాలలో ఎదురయ్యే చిక్కులన్నీ ఎందుకొచ్చాయో కూడా తెలుస్తుంది. 1921లో జర్మనీలో కార్ల్ ప్రాస్నిట్జ్ అనే వైద్యుడు, చేప పడని తన సహచరుడు హైన్జ్ క్యూస్ట్నర్ రక్తం నుంచి సీరం, అంటే కణాలు లేని ద్రవభాగం, తీసి తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారాన్ని ఇంజెక్ట్ చేసుకున్నాడు. ఆ చోటు దద్దురులా ఉబ్బింది. అంటే అలర్జీ సీరంలో ఉంది. దానికి కారణమైన ఐజీఈ ఆచూకీ దొరకడానికి ఇంకో నలభై అయిదేళ్లు పట్టింది. 1942లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో, రక్తవర్గాలు కనిపెట్టి నోబెల్ అందుకున్న కార్ల్ లాండ్‌స్టైనర్, మెరిల్ చేజ్‌తో కలిసి, ఒక రసాయనం పడని గినీపందుల నుంచి తీసిన తెల్లకణాలను ఆరోగ్యంగా ఉన్న గినీపందులకు ఎక్కించాడు. అంతవరకు ఆ రసాయనాన్ని ఎరగని జంతువుల చర్మం దానికి ఎర్రబడింది. సీరం ఎక్కిస్తే అలా జరగలేదు.

సీరాన్ని ఫ్రీజర్లో పెట్టి నెల తర్వాత పరీక్షించినా ఇబ్బంది లేదు. కణాన్ని మాత్రం బతికించాలి, దానికి తిండి పెట్టాలి, వెచ్చగా ఉంచాలి, అడిగిన ప్రశ్నకు అది స్పందించేవరకు రోజుల తరబడి కాచుకుని కూర్చోవాలి. కాంటాక్ట్ అలర్జీకి రక్తపరీక్ష వీధి చివరి ల్యాబులో దొరక్కపోవడానికి మొదటి కారణం ఇదే.

కణాలను ఏం అడుగుతున్నామో కూడా కొంచెం చూడాలి. నికెల్ లోహం చెమటలో కొద్దికొద్దిగా కరిగి, అయాన్ల రూపంలో చర్మం పైపొర దాటుతుంది. ఆ అయాన్ ఎంత చిన్నదంటే రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఒంటరిగా పట్టించుకోలేదు. అది మన సొంత ప్రొటీన్లలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుని, ఇంటి మనిషికి పరాయి వేషం వేసినట్టు, సొంత ప్రొటీన్‌నే కొత్తదిగా కనబడేలా చేస్తుంది. ఇలా వేరేదానికి అంటుకుంటే తప్ప గుర్తింపు పొందని చిన్న అణువులను హాప్టెన్లు అంటారు. చర్మంలోని డెండ్రైటిక్ కణాలు ఆ మారిన ముక్కను దగ్గరలోని లింఫు గ్రంథికి మోసుకెళ్లి చూపిస్తే, దానికి సరిపోయే గ్రాహకం (కణం మీద ఉండి ఎదుటి అణువును గుర్తుపట్టే ప్రొటీన్) ఉన్న టి-కణాలు విభజన చెంది పెరుగుతాయి. వాటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. ఈ మొదటి దశకు దాదాపు 10 నుంచి 15 రోజులు పడుతుంది, పైకి ఏ లక్షణమూ కనిపించదు. ఆ తర్వాత ఎప్పుడు నికెల్ తగిలినా ఆ కణాలు ఒకటి నుంచి మూడు రోజుల్లో చర్మానికి చేరి మంట పుట్టిస్తాయి. "ఇన్నేళ్లుగా ఇదే రంగు వేసుకుంటున్నాను, ఇప్పుడెందుకు పడకుండా పోయింది" అని అడిగేవారికి జవాబు ఇక్కడే ఉంది: ముందు పరిచయం లేనిదే ఈ వైరం పుట్టదు.

దీన్ని తేల్చే సంప్రదాయ పద్ధతి ప్యాచ్ టెస్ట్. 1895లో యోజెఫ్ యాడాసోన్ పాదరసంతో మొదలుపెట్టిన ఈ పరీక్ష మౌలికంగా ఇప్పటికీ మారలేదు. 5 శాతం నికెల్ సల్ఫేట్ కలిపిన వ్యాసెలీన్‌ను చిన్న అల్యూమినియం గిన్నెలో పెట్టి, మరికొన్ని అనుమానిత పదార్థాలతో పాటు వీపుకు అంటించి, 48 గంటలకు తీసి ఒకసారి, 72 లేదా 96 గంటలకు మరోసారి చూస్తారు. ఎరుపు, గట్టిదనం, పొక్కులను బట్టి ఒకటి నుంచి మూడు ప్లస్‌ల వరకు వేస్తారు. మన దేశంలో తరచుగా తగిలే పదార్థాలతో ఇండియన్ స్టాండర్డ్ సిరీస్ కూడా ఉంది. చవకైనది, చూడటానికి నాటుగా కనిపించేది. కానీ ఇందులో ప్రశ్న అడిగేది జబ్బు వచ్చే చోటనే, అంటే చర్మాన్నే. ఇబ్బందులు లేవని కాదు. మే నెల ఎండలో రెండు మూడు రోజులు వీపు తడపకుండా, చెమటకు పట్టీ ఊడకుండా చూసుకోమంటే ఎవరికైనా విసుగే. చూసే వైద్యుడి కంటిని బట్టి ఒక ప్లస్ అటూ ఇటూ అవుతుంది. ఒక్కోసారి ఉత్త రాపిడి వల్ల వచ్చిన ఎరుపు అలర్జీగా కనిపిస్తుంది. ఈ విసుగూ ఈ సందేహాలూ ఉన్నాయి కనుకనే "రక్తం తీసుకుని చెప్పేయకూడదా" అన్న కోరిక పుట్టింది.

ఆ కోరికకు ప్రయోగశాల ఇచ్చిన ప్రధానమైన జవాబు లింఫోసైట్ ట్రాన్స్‌ఫార్మేషన్ టెస్ట్. దీని పుట్టుకకు దారి వేసింది రాజ్మా గింజ. ఎర్రకణాలను గడ్డకట్టించి వేరుచేయడానికి ఆ గింజ నుంచి తీసిన ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థాన్ని అప్పట్లో వాడేవారు. దాని సమక్షంలో తెల్లకణాలు విభజన మొదలుపెడుతున్నాయని 1960లో అమెరికాలో పీటర్ నోవెల్ గమనించాడు. పూర్తిగా ఎదిగిన లింఫోసైట్ ఇక విభజన చెందదని అంతవరకు నమ్మేవారు. (సరిగా ఉడకని రాజ్మా తింటే వాంతులు కావడానికి కారణమూ ఈ పదార్థమే.) దేనికైనా స్పందించి కణం పెరగగలదని తెలిశాక, అది పెరిగిందా లేదా అన్నదాన్నే ప్రశ్నగా మార్చుకోవచ్చు.

పరీక్ష ఇలా సాగుతుంది. 20, 30 మిల్లీలీటర్ల రక్తాన్ని గడ్డకట్టకుండా హెపారిన్ ఉన్న గొట్టాల్లోకి తీసి, సాధ్యమైనంత వరకు ఒక రోజులోపు ప్రయోగశాలకు చేరుస్తారు. దాన్ని పలచన చేసి, ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద మెల్లగా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో అరగంట తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగిపోతాయి, పైన పసుపుపచ్చని ప్లాస్మా నిలుస్తుంది, రెంటి నడుమ పల్చని మీగడ తెట్టులాంటి తెల్లని వలయం ఏర్పడుతుంది. కావలసిన కణాలు ఆ వలయంలో ఉంటాయి, మిల్లీలీటరు రక్తానికి సుమారు 10 నుంచి 20 లక్షలు. వాటిని పిపెట్‌తో తీసి, కడిగి, 96 గుంటలున్న ప్లాస్టిక్ పలకలో గుంటకు దాదాపు 2 లక్షల చొప్పున పోస్తారు. కొన్ని గుంటల్లో ఏమీ కలపరు. కొన్నింటిలో వేర్వేరు మోతాదుల్లో నికెల్ లవణం కలుపుతారు. మరికొన్నింటిలో ఆ రాజ్మా సారాన్నో, టెటనస్ టాక్సాయిడ్‌నో కలుపుతారు. వీటికీ కణాలు స్పందించకపోతే కణాలే నీరసించాయని అర్థం, ఆ రోజు పరీక్ష మొత్తం చెల్లదు. పలకను 37 డిగ్రీల వెచ్చదనంలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిలో ఆరు రోజుల పాటు ఉంచుతారు. విభజన చెందే కణం కొత్త డీఎన్ఏ తయారుచేసుకోవాలి, అందుకు థైమిడిన్ కావాలి. అందుకని చివరి రాత్రి రేడియోధార్మిక ట్రిటియం కలిగిన థైమిడిన్‌ను పోస్తే, పెరిగే కణాలు దాన్ని మింగుతాయి. మర్నాడు ఏ గుంటలో ఎంత రేడియోధార్మికత మిగిలిందో యంత్రం లెక్కపెడుతుంది.

నికెల్ గుంటల సగటును, ఏమీ కలపని గుంటల సగటుతో భాగిస్తే వచ్చేది స్టిమ్యులేషన్ ఇండెక్స్. సాధారణంగా 2 లేదా 3 దాటితే పాజిటివ్ అంటారు. ప్రయోగశాలను బట్టి ఈ గీత మారుతుంది. రిపోర్టులో రోగికి కనబడేది ఈ ఒక్క అంకే కనుక, అందులో ఏం దాగి ఉందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. ఒకరి కణాలు ఏమీ కలపనప్పుడు నిమిషానికి 300 లెక్కలు, నికెల్‌తో 1,200 లెక్కలు ఇచ్చాయనుకోండి: ఇండెక్స్ 4, పాజిటివ్. ఇంకొకరి కణాలు ఏమీ కలపకుండానే 2,000, నికెల్‌తో 5,000 ఇచ్చాయి: ఇండెక్స్ 2.5, గీత 3 దగ్గర ఉంటే నెగటివ్. కానీ నికెల్ వల్ల పెరిగింది మొదటివారిలో 900, రెండోవారిలో 3,000. రెండోవారికి అప్పుడే జలుబు చేసి తగ్గి ఉంటే, వారి కణాలు ముందే చురుగ్గా ఉండి అడుగు సంఖ్య పెరిగి ఉండవచ్చు. హారం కదిలితే ఫలితం కదులుతుంది. కాబట్టి ఈ పరీక్ష రిపోర్టు ఎవరి చేతికి వచ్చినా, ఇండెక్స్‌తో పాటు అసలు లెక్కలు కూడా అడిగి తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

అంతకన్నా లోతైన చిక్కు నికెల్‌లోనే ఉంది. ప్యాచ్ టెస్ట్‌లో నికెల్‌కు ఏమాత్రం స్పందించని వ్యక్తుల కణాలు కూడా గుంటలో నికెల్ కలిపితే పెరుగుతున్నాయని 1990ల నుంచే తెలుసు. ఇంతవరకు ఏ పరిచయమూ లేని కొత్త టి-కణాలు సైతం స్పందిస్తాయి. దీనికి ఒక వివరణ 2010లో దొరికింది. బాక్టీరియా పొరలోని విషాన్ని గుర్తుపట్టడానికి మన కణాల మీద టీఎల్ఆర్-4 అనే గ్రాహకం ఉంటుంది. మనుషుల్లో ఆ గ్రాహకానికి ఉన్న హిస్టిడిన్‌లను నికెల్ నేరుగా పట్టుకుని, బాక్టీరియా వచ్చిందన్నంత గట్టిగా ప్రమాద ఘంటిక మోగించగలదని జర్మనీ పరిశోధకులు చూపించారు. అంటే నికెల్ హాప్టెన్ మాత్రమే కాదు, తగవుకు పిలుపూ తనే, సాక్ష్యమూ తనే. గుంటలో కనిపించిన పెరుగుదల జ్ఞాపకం వల్ల వచ్చిందా, ఆ ఘంటిక వల్ల వచ్చిందా అన్నది ఉత్త లెక్కింపుతో తేలదు. వాడిన నికెల్ లవణంలో బాక్టీరియా విషం లేశమాత్రం కలిసినా ఇదే తంతు. ఇక మోతాదు పెంచితే నికెల్ కణాలను చంపేస్తుంది, అప్పుడు అలర్జీ ఉన్నవారి గుంట కూడా నిశ్శబ్దంగా ఉంటుంది.

మిగతా పదార్థాలకు వేరే అవస్థలు. నూనెలో తప్ప నీటిలో కరగని సుగంధ ద్రవ్యాలను కణాలున్న ద్రవంలో కలపడమే కష్టం. జుట్టు రంగులోని పారాఫినిలీన్ డయమీన్ చర్మంలోనూ గాలిలోనూ మారిపోయి వేరే రూపాల్లోకి వస్తుంది. ఆ మార్పుల్లో ఏది అసలు నేరస్థుడో తెలియకుండా గుంటలో ఏం పోయాలి? చర్మం చేసే ఈ వంటంతా ప్లాస్టిక్ గుంటలో జరగదు. పైగా మనం వెతుకుతున్న కణాలు ఎక్కువగా రక్తంలో ఉండవు. పెద్దవారి చర్మంలో సుమారు 2,000 కోట్ల టి-కణాలు ఉంటాయని, అది రక్తంలో తిరిగే వాటికి దాదాపు రెట్టింపని 2006లో ఒక అంచనా వచ్చింది. వాటిలో కొన్ని ఒకసారి దద్దు వచ్చిన చోటనే కాపురం పెట్టి కదలవు. మోచేతిలో సూది గుచ్చి తీసిన రక్తంలో వాటి జాడ ఉండదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారిలో ఉన్న కొద్ది కణాలూ మందగిస్తాయి. ఇది ప్యాచ్ టెస్ట్‌కూ వర్తిస్తుంది.

ఇన్ని చిక్కుల మధ్య పరిశోధకులు ప్రశ్ననే మార్చి అడగడం మొదలుపెట్టారు. కణం పెరిగిందా అని కాకుండా, ఏం విడుదల చేసింది అని అడగవచ్చు. ఎలిస్పాట్ అనే పద్ధతిలో గుంట అడుగున యాంటీబాడీలు పూసిన పొర ఉంటుంది. ఇంటర్‌ఫెరాన్ గామానో, ఇంటర్‌ల్యూకిన్-13నో విడుదల చేసిన ప్రతి కణం చుట్టూ ఆ పదార్థం చిక్కుకుపోయి, రంగు వేశాక, తొలి చినుకులు పడ్డ మట్టి నేలలా చుక్కలు తేలతాయి. ఒక్కో చుక్క ఒక్కో కణం. ఆరు రోజులకు బదులు రెండు రోజుల్లో తేలుతుంది, రేడియోధార్మికత అక్కర్లేదు. ఇంకా సూటి దారి ఫ్లో సైటోమెట్రీ. తన శత్రువును గుర్తుపట్టిన టి-కణం కొద్ది గంటల్లోనే సీడీ154 అనే ప్రొటీన్‌ను బయటపెడుతుంది. ఆ గుర్తున్న కణాలను మాత్రమే ఏరి లెక్కపెట్టవచ్చు, వాటి గ్రాహకాల జన్యు వరసనూ చదవవచ్చు. ఇలా ఏరిన నికెల్ కణాల గ్రాహకాల్లో ఒక ప్రత్యేక జన్యుఖండమో, లేదా లక్ష్యాన్ని తాకే భాగంలో హిస్టిడినో అసాధారణంగా ఎక్కువగా కనిపిస్తున్నాయని 2020లో జర్మనీ నుంచి వచ్చిన పరిశోధన చెప్పింది. మళ్లీ హిస్టిడినే. నికెల్ ఎక్కడికి వెళ్లినా దాన్నే పట్టుకుంటుంది మరి. ప్రస్తుతానికి ఇది పరిశోధనశాలల పని, ఆస్పత్రి బిల్లు మీదికి రాలేదు. అయినా జ్ఞాపకాన్ని అలజడి నుంచి విడదీసే దారి ఏదైనా ఉంటే అది ఇటువైపే ఉందని నాకు అనిపిస్తుంది.

కణాల పెరుగుదల పరీక్ష అసలు పనికిరాదని మాత్రం అనుకోకూడదు. అది దర్జాగా నిలబడిన చోటు ఒకటుంది: బెరీలియం. విమాన, అణు పరిశ్రమల్లో ఈ తేలికైన లోహపు ధూళి పీల్చిన కొందరు కార్మికుల్లో టి-కణాలు దానికి ఎదురుతిరిగి ఊపిరితిత్తుల్లో శాశ్వతమైన గడ్డలు కట్టిస్తాయి. ఇక్కడ ప్యాచ్ టెస్ట్ చేయడం ప్రమాదం, ఎందుకంటే ఆ పట్టీయే కొత్తగా అలర్జీ పుట్టించవచ్చు. అందుకే అమెరికాలో బెరీలియంతో పనిచేసేవారికి రక్తకణాల పరీక్ష చేస్తారు. ఆ దేశపు కార్మిక భద్రతా సంస్థ 2017లో తెచ్చిన నిబంధనల్లో అది భాగం. అక్కడ కూడా ఒక్క అసాధారణ ఫలితంతో మనిషిపై ముద్ర వేయరు: రెండు అసాధారణ ఫలితాలు కావాలి, లేదా ఒక అసాధారణ ఫలితం, ఒక అంచు ఫలితం, లేదా మూడు అంచు ఫలితాలు. ఊపిరితిత్తిని ప్యాచ్ వేసి చూడలేం, ఒక లోహం గురించే అడుగుతున్నాం, అడిగేది ఆ ధూళిలో పనిచేసే మనిషినే. ఈ మూడూ కలిశాయి కనుక పరీక్ష నిలబడింది. చెవి దిద్దుల విషయంలో ఈ మూడింటిలో మొదటిది లేదు: చర్మం చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది.

మోకాలి చిప్ప మార్పిడి చేయించుకోబోయేవారు, చేయించుకుని నొప్పి తగ్గనివారు ఈ రక్తపరీక్ష గురించి ఎక్కువగా అడుగుతుంటారు. కృత్రిమ కీళ్లలో కోబాల్ట్, క్రోమియం, కొద్దిగా నికెల్ ఉంటాయి. చర్మం కాకుండా లోపలి కణజాలం సంగతి కనుక రక్తాన్ని అడగడం సబబుగానే తోస్తుంది. అయితే ప్యాచ్ టెస్ట్, రక్తపరీక్ష తరచుగా ఒకదానితో ఒకటి ఏకీభవించవు. రెండూ పాజిటివ్ వచ్చినవారిలో కూడా చాలామంది అదే లోహపు కీలుతో సుఖంగా నడుస్తుంటారు. కణం నికెల్‌ను గుర్తుపట్టిందంటే నొప్పికి కారణం నికెలేనని కాదు. ఇన్ఫెక్షన్, కీలు వదులవడం వంటివి లేవని తేలాకే ఈ పరీక్ష దగ్గరికి రావాలి.

వార్తల్లో తరచుగా ఒకటిగా కలిసిపోయే మరో సంగతిని విడదీయాలి. ఇంతవరకు అడిగినది "ఈ మనిషికి ఈ పదార్థం పడుతుందా" అని. సౌందర్య సాధనాల కంపెనీలు అడిగేది వేరు: "ఈ పదార్థానికి అసలు ఎవరిలోనైనా అలర్జీ పుట్టించే గుణం ఉందా" అని. దానికి చాలాకాలం ఎలుక చెవులకు వరసగా మూడు రోజులు రసాయనం పూసి, దగ్గరి లింఫు గ్రంథిలో కణాలు ఎంత పెరిగాయో అదే ట్రిటియం థైమిడిన్‌తో, అదే 3 అనే గీతతో చూసేవారు. గుర్తులు ఒకటే కావడంతో రెండు పరీక్షలూ ఒకటేననుకోవడం సులభం. విచిత్రంగా, మనుషుల్లో ఇంత సాధారణమైన నికెల్ అలర్జీ ఈ ఎలుక పరీక్షకు సరిగా చిక్కదు. ఎలుక టీఎల్ఆర్-4లో ఆ హిస్టిడిన్‌లు లేవు. 2013లో ఐరోపా, 2014లో భారత్ సౌందర్య సాధనాలకు జంతు పరీక్షలను నిషేధించాక గాజు పలకల మీది పరీక్షలకు ప్రాధాన్యం పెరిగింది. వాటిలో ఒకటి టీహెచ్‌పీ-1 అనే కణాలకు రసాయనం తగిలించి, 24 గంటల్లో వాటి మీద సీడీ86, సీడీ54 అనే గుర్తులు పెరిగాయా అని చూస్తుంది. ఆ కణాలు లుకేమియా వచ్చిన ఏడాది వయసు బాలుడి నుంచి తీసినవి, 1980 నుంచి ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. ఆ పరీక్షకు మీ రక్తంతో గానీ మా చెల్లెలి చెవితో గానీ సంబంధం లేదు.

ఆమె చివరికి చర్మవైద్యుల దగ్గర ప్యాచ్ టెస్టే చేయించుకుంది. 96 గంటలకు నికెల్ గడిలో రెండు ప్లస్‌లు వచ్చాయి. డైమిథైల్‌గ్లయాక్సిమ్, అమోనియా అనే రెండు ద్రావణాలున్న చిన్న సీసాలు తెప్పించుకుంది. దూది పుల్ల మీద ఒక్కో చుక్క వేసి లోహానికి అర నిమిషం రుద్దితే, నికెల్ విడుదలవుతుంటే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. జీన్స్ గుండీ, గిల్టు దిద్దుల కొక్కెం, ఇంటి తాళంచెవి మూడూ గులాబీ అయ్యాయి. వాళ్లమ్మ ఇచ్చిన పాత బంగారు కమ్మలకు మాత్రం దూది తెల్లగానే ఉండిపోయింది.